ఊపిరి ముందా, గుండె ముందా?

చాలా కాలంగా వ్రాయాలనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. పాత పుస్తకాల గురించీ, పద్యాల గురించీ వ్రాసుకొనే ఈ చోట ప్రథమ చికిత్స ప్రస్తావన ఏమిటని మిత్రులు ఆశ్చర్యపోవచ్చు. అది నా వృత్తి. జహీరాబాదులోనూ, చుట్టుపక్కల మండలాలలోనూ కార్మికులకూ, బస్సు కండక్టర్లకూ, బడిపిల్లలకూ ప్రథమ చికిత్స నేర్పుతాను. గుండె ఆగిపోయిన మనిషికి చేసే సి.పి.ఆర్. అందులో ముఖ్యభాగం. 1998లో మొదలుపెట్టిన పని ఇప్పటికీ సాగుతూనే ఉంది.

ఇన్నేళ్ళలో నా విద్యార్థులు ఎన్నో ప్రశ్నలు అడిగారు. వాటిలో ఒక్కటి మాత్రం నన్ను వదలలేదు: "సార్, అది నా వేలిదేనా?"

ఆ ప్రశ్న ఎందుకు పుట్టిందో చెప్పాలంటే ముందు కొంత చరిత్ర చెప్పాలి. అందులో ఒక ముఖ్యఘట్టం మన హైదరాబాదులోనే జరిగింది. ఈ సంగతి నాకు కూడా ఈ పనిలో దిగిన పదేళ్ళకు గాని తెలియలేదు.

*

ముందుగా మా ఊరి గురించి రెండు మాటలు. హైదరాబాదు నుండి ముంబయి వైపు వెళ్ళే జాతీయ రహదారి మీద, రాజధానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంటుంది జహీరాబాదు. నిజాం కాలంలో బీదరు జిల్లాలోని తాలూకా. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినపుడు మెదకు జిల్లాలో చేరింది. 2016 నుండి సంగారెడ్డి జిల్లా. ఎర్రనేలలు, చెరకు, అల్లం, ఆలుగడ్డ. 1980లలో ఆల్విన్ వాహనాల కర్మాగారం వచ్చింది. ఇప్పుడు మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. నా తరగతిలో తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ, ఉత్తరాది కూలీల హిందీ ఒకే బల్ల మీద కూర్చుంటాయి.

మనిషి హఠాత్తుగా కూలిపోవడానికి ఇక్కడ కారణాలకు కొదవ లేదు. రహదారి మీద లారీలు, కార్ఖానాలలో యంత్రాలు, పొలాలలో తడిచేత్తో ముట్టుకొనే మోటారు స్టార్టరు డబ్బాలు, వానాకాలంలో నిండే నారింజ వాగు. ఇవి కాక ఏ కారణమూ పైకి కనబడకుండా ఆగిపోయే గుండెలు.

నేను పని మొదలుపెట్టిన రోజులలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె, దానికి బాధ్యునిగా ధ్రువపత్రం పొందిన ఒక మనిషి ఉండాలి. బస్సు కండక్టరు లైసెన్సుకు కూడా ప్రథమ చికిత్స ధ్రువపత్రం కావాలి. నా బ్రతుకుతెరువు అలా చట్టం పుణ్యమే. తరగతికి వచ్చేవారిలో అధికులు కాగితం కోసం వచ్చేవారు. నేను కూడా, నిజం చెప్పవద్దూ, నాకు నేర్పిన పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాడిని. ఆ పాఠం ఎవరు వ్రాశారో, ఎందుకు వ్రాశారో ఒక్కసారైనా ఆలోచించలేదు.

*

సరే, చరిత్రలోకి వెళదాం.

1847లో ఎడింబరోలో సింప్సన్ అనే వైద్యుడు శస్త్రచికిత్సకు క్లోరోఫారం వాడి చూపాడు. కొద్ది నెలలకే, 1848 జనవరి 28న, ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ బాలిక కాలిగోరు తీయించుకోవడానికి కూర్చొని, క్లోరోఫారం పీల్చి ప్రాణం విడిచింది. అప్పటి నుండి వైద్యలోకంలో ఒక పెద్ద తగవు. క్లోరోఫారం చంపేటప్పుడు ముందుగా ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా? ఎడింబరోవారు ఊపిరి పక్షం. లండనులో చాలామంది గుండె పక్షం. ఇది ఉత్త పండిత వివాదం కాదు. మత్తు ఇచ్చేవాడు రోగి రొమ్ము వైపు చూస్తూ ఉండాలా, నాడి మీద వేలు పెట్టి ఉండాలా అన్నది ఈ జవాబు మీదనే ఆధారపడి ఉంది.

ఎడింబరోలో చదువుకొన్న ఎడ్వర్డ్ లారీ హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, హైదరాబాదు వైద్య పాఠశాల ఆయన ఆధ్వర్యంలో నడిచేవి. తన గురువుల మాట మీద ఆయనకు అచంచల విశ్వాసం: ఊపిరిని చూడు, నాడి జోలికి పోకు. దానిని నిరూపించడానికి 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషను ఏర్పడింది. జంతువులపై ప్రయోగాలు చేసి, ఆగేది ముందుగా ఊపిరే అని తేల్చారు. లండనులోని 'లాన్సెట్' పత్రిక ఒప్పుకోలేదు. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్, ఆ పత్రిక తరఫున ఒక నిపుణుడు వచ్చి స్వయంగా చూడడానికి 1000 పౌన్లు ఇచ్చాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రఖ్యాత వైద్యుడు హైదరాబాదు వచ్చాడు. ఆయన అంతవరకూ గుండె పక్షమే. కుక్కలు, కోతులు మొదలుకొని వందలాది జంతువులపై ప్రయోగాలు జరిగాయి. బ్రంటన్ మనసు మార్చుకొన్నాడు. రెండవ కమిషను కూడా లారీ మాటనే బలపరచింది. లారీ వద్ద చదువుకొన్న రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పారశీక యువతి ఈ పరిశోధనలలో పాలుపంచుకొన్నది. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఆమె ఒకరు.

నివేదిక 1890లో లాన్సెట్‌లో అచ్చయింది. దక్షిణాపథంలోని ఒక సంస్థానపు రాజధానిలో జరిగిన పరిశోధన గురించి ప్రపంచమంతా చర్చించింది. చదివినపుడు నాకు ఒళ్ళు పులకరించిన మాట నిజం.

అయితే ఆ నిర్ణయం తప్పు.

మొత్తం తప్పు కాదు. క్లోరోఫారం మోతాదు మించినపుడు ముందుగా ఊపిరే ఆగుతుంది. హైదరాబాదులో చూసింది అదే. కాని అదే 1889లో, స్కాట్లండులోని అబర్‌డీన్‌లో జాన్ మాక్‌విలియం అనే శాస్త్రజ్ఞుడు మరొక సంగతి ప్రకటించాడు. మనుషులు హఠాత్తుగా చనిపోయేటప్పుడు గుండె నెమ్మదిగా ఆగిపోవడం కాదు, లయ తప్పి వట్టిగా కంపిస్తుంది, అప్పుడు రక్తం ముందుకు కదలదు అన్నాడు. అప్పట్లో ఆ మాటకు తగిన విలువ దక్కలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాలతో, పలుచని మత్తులో ఉన్నపుడు క్లోరోఫారం సరిగ్గా ఆ కంపనాన్నే కలిగించి చంపగలదని తేలింది. అంటే నాడిని చూడనక్కరలేదన్న హైదరాబాదు సూత్రాన్ని నమ్మినవారి చేతులలో, ఊపిరిని కనిపెట్టి చూస్తూండగానే, గుండె ఆగినవారు ఉన్నారన్నమాట.

లారీ మోసగాడు కాదు. తన కళ్ళతో చూసిందే చెప్పాడు. కాని తాను చూడని మరణం కూడా ఉండవచ్చునని అనుకోలేదు.

*

ఊపిరి పక్షానికీ పాత చరిత్ర ఉంది. 1732లో స్కాట్లండులోని ఒక బొగ్గుగనిలో పొగకు కూలిపోయిన కార్మికుని నోటిలో నోరు పెట్టి ఊపిరి ఊది బ్రతికించాడు విలియం టొసాక్ అనే వైద్యుడు. 1774లో లండనులో నీట మునిగినవారిని రక్షించడానికి ఒక సంఘమే వెలసింది. ఆ రోజులలో పెద్ద పెద్ద వైద్యులు మునిగినవారి పేగులలోకి వెనుక నుండి పొగాకు పొగ ఎక్కించేవారు! మూర్ఛ వచ్చినవాని చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టే మనవాళ్ళను చూసి ఎవరైనా నవ్వితే, నేను ఈ పొగాకు ముచ్చట చెబుతాను.

ఇరవయ్యవ శతాబ్దంలో నోటి ఊపిరి మూలపడి, మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కే పద్ధతులు వచ్చాయి. 1903లో షేఫర్ పద్ధతి, 1932లో హోల్గర్ నీల్సన్ పద్ధతి. నా గురువు ఇచ్చిన పాత నోటుపుస్తకంలో ఈ రెండవ దాని బొమ్మ ఉండేది. 1950లలో అమెరికాలోని బాల్టిమోరులో పీటర్ సఫార్, తమంతట తాము ముందుకు వచ్చిన మనుషులకు మందుతో ఊపిరి ఆపి, పద్ధతులన్నీ పోల్చి చూశాడు. తల వెనుకకు వంచి నోటితో ఊదితే గాలి చక్కగా పోతున్నది; వీపు నొక్కితే చాలినంత పోవడం లేదు. వైద్యవిద్య లేని సామాన్యులు కూడా ఈ పని చేయగలరని ఆయన నిరూపించాడు.

ఇక గుండె. 1892లోనే జర్మనీలోని గటింగెన్‌లో ఫ్రీడ్రిక్ మాస్ అనే యువవైద్యుడు, క్లోరోఫారంతో గుండె ఆగిన ఇద్దరికి రొమ్ము మీద వేగంగా, నిమిషానికి 120 సార్లు నొక్కి బ్రతికించినట్లు వ్రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. అరవై ఏళ్ళకు పైగా ఆ కాగితం దుమ్ములో పడి ఉంది. ఆ తరువాత, మళ్ళీ బాల్టిమోరులోనే, విలియం కౌవెన్‌హోవెన్ బృందం దానిని కొత్తగా కనుగొన్నది. ఆయన వైద్యుడు కాదు, విద్యుత్ ఇంజనీరు. తీగలకు తగిలి చనిపోయే కార్మికులను ఎలా బ్రతికించాలన్నది ఆయన జీవితకాలపు అన్వేషణ. ఆయనతో పనిచేసిన నికర్‌బాకర్ ఒక కుక్క రొమ్ముపై విద్యుత్ పలకలు అదిమినపుడు, ఆ అదుముడుకే రక్తపుపోటు కదలడం గమనించాడు. 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ 20 మంది రోగుల అనుభవంతో వ్యాసం ప్రకటించారు. ఇక దీనికి ఎక్కడైనా, ఎవరికైనా రెండు చేతులుంటే చాలునన్నది ఆ వ్యాసపు సారాంశం.

మోటారు స్టార్టరు పట్టుకొని పడిపోయిన రైతు గురించి తరగతిలో చెప్పేటప్పుడల్లా నాకు ఆ ఇంజనీరు గుర్తుకు వస్తాడు. ముందు కరెంటు తీసివేయాలి, ఆ తరువాతే మనిషిని తాకాలి, ఆ తరువాత ఆ రెండు చేతులు.

అదే 1960లో నార్వేలో ఆటబొమ్మలు చేసే ఆస్‌మండ్ లేర్డాల్ అభ్యాసానికి ఒక బొమ్మను తయారుచేశాడు. ఫ్రాన్సులో సేన్ నదిలో దొరికిన అనామక యువతిదని చెప్పుకొనే ఒక ముఖపు అచ్చును దానికి ఇచ్చాడు. మా తరగతిలోని బొమ్మ కూడా ఆ వంశానిదే. మావాళ్ళు దానిని "మేడం" అంటారు. "మేడంకు పక్కటెముక విరిగింది సార్" అని నవ్వుతారు.

ఊపిరి, గుండె రెండూ కలిసి సి.పి.ఆర్. అయింది. కాని క్రమంలో పాత తగవు మిగిలిపోయింది. ముందు శ్వాసమార్గం, తరువాత ఊపిరి, ఆ తరువాత నాడి చూసి గుండె. దాదాపు అర్ధశతాబ్దం లోకమంతా నేర్పిన వరుస అదే. నేను నేర్చుకొన్నదీ, నేర్పినదీ అదే.

*

ఇప్పుడు ఆ ప్రశ్న.

2007 వేసవి. మా ఊరికి దగ్గరలో ఒక చిన్న కార్ఖానా. మధ్యాహ్నం భోజనమయ్యాక నలభై ఏళ్ళ మనిషి ఒకడు కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. అక్కడ నా వద్ద నేర్చుకొన్న కుర్రవాడు ఒకడున్నాడు. అందరూ "నీళ్ళు తాగించండి, ఉల్లిగడ్డ వాసన చూపండి" అని అరుస్తూంటే, అతడు ఒక్కడే వారిని ఆపి, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టాడు. 108కి ఫోను చేయించాడు. తల వెనుకకు వంచాడు. ఊపిరి చూశాడు, మనిషి అప్పుడప్పుడు నోరు తెరచి గట్టిగా లాగుతున్నాడు. నాడి చూశాడు, వేలి కింద కొట్టుకుంటున్నట్టు తోచింది. ఊపిరి ఉంది, నాడి ఉంది, కనుక రొమ్ము నొక్కకూడదు. నేను నేర్పింది అంతే. వాహనం వచ్చేదాకా నాడి మీద వేలు తీయకుండా కూర్చున్నాడు. ఆ మనిషి ఆసుపత్రికి చేరేలోగానే పోయాడు.

వారం తరువాత ఆ కుర్రవాడు నా ఇంటికి వచ్చాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "మీరు చెప్పినట్టే చేసిన సార్. నాడి కొట్టుకుంటున్నదనే అనుకున్న. సార్, అది నా వేలిదేనా?"

గుండె ఆగినవారిలో అధికులు, అందునా ఆసుపత్రి బయట, సరిగా చేసినా బ్రతకరు. ఆ మాట అతనికి చెప్పాను. అది నిజమే. కాని అతడు అడిగింది అది కాదు.

తరువాతి రోజులలో హైదరాబాదు వెళ్ళి దొరికినదల్లా చదివాను. తెలిసింది ఇది: భయంతో గుండె దడదడలాడే మనిషికి ఎదుటివాని మెడ మీద తన వేలి నాడే తెలియడం సామాన్యం. శిక్షణ పొందినవారు కూడా పొరబడతారు. అందువల్ల 2000 సంవత్సరపు అంతర్జాతీయ మార్గదర్శకాలలోనే సామాన్యులకు నాడి చూడడం నేర్పవద్దని మార్చారు. నేను ఆ తరువాత ఏడేళ్ళు నేర్పుతూనే ఉన్నాను. రెండవది, ఆ నోరు తెరచి లాగడం ఊపిరి కాదు. గుండె ఆగిన తరువాత మొదటి నిమిషాలలో కనిపించే చివరి కుదుపు అది. మన భాషలో దానికి మాట ఎప్పటినుండో ఉంది: ఎగశ్వాస. మన ముసలమ్మలు చూసి గుర్తుపట్టగలరు. నా పాఠంలో మాత్రం ఆ మాట లేదు.

లారీ గురించి చదివింది కూడా ఆ రోజులలోనే. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. గురువు మాటను శంకించకపోవడంలో నేనూ ఆయన శిష్యుడినే.

*

2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వరుసనే మార్చింది. పెద్దవారి గుండె హఠాత్తుగా ఆగినపుడు రక్తంలో కొన్ని నిమిషాలకు సరిపడే ప్రాణవాయువు మిగిలే ఉంటుంది. దానిని మెదడుకు చేర్చేవాడే లేడు. కనుక ముందు రొమ్ము నొక్కడం, తరువాతే ఊపిరి. ఏమీ చేయకుండా గడిచే ఒక్కొక్క నిమిషానికి బ్రతికే అవకాశం 7 నుండి 10 శాతం తగ్గుతుంది.

కథ అక్కడితో ముగిసి ఉంటే గుండె పక్షం గెలిచిందని చెప్పి ముగించేవాడిని. కాని నీట మునిగినవాని సంగతి వేరు. అక్కడ ముందుగా పోయింది ఊపిరే; రక్తంలోనే ప్రాణవాయువు లేదు. నేర్చుకొన్నవారు అక్కడ ఊపిరి ఊదడంతోనే మొదలుపెట్టాలని 2024లో మళ్ళీ స్పష్టం చేశారు. నారింజ వాగులో నుండి తీసిన పిల్లవాని వద్ద లారీదే సగం సత్యం. "ఊపిరి ముందా, గుండె ముందా?" అన్నది అసలు ప్రశ్నే కాదు, "ఈ మనిషి ఎందుకు పడిపోయాడు?" అన్నది ప్రశ్న.

ఇప్పుడు నా తరగతి ఇలా ఉంటుంది. పిలిస్తే పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు: ఈ రెండే చూడండి. నాడి వెతకవద్దు. ఎగశ్వాసను ఊపిరి అనుకోవద్దు. 108కి ఫోను చేసి, రొమ్ము నడుమ ఎముక మీద, పెద్దవారికి 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా, నిమిషానికి 100 నుండి 120 సార్లు నొక్కండి. మాస్ చెప్పిన 120 చూడండి, మళ్ళీ ఎక్కడికి వచ్చిందో! ముప్పై నొక్కుళ్ళకు రెండు ఊపిరులు; ఊదడం రాకపోతే, ఇష్టం లేకపోతే నొక్కుతూనే ఉండండి.

ముప్పై లెక్కపెట్టడంలో ఒక చిక్కు గమనించాను. తెలుగులో "ఇరవై ఎనిమిది" అనేసరికి నోరు వెనుకబడి, చేతులు కూడా నెమ్మదిస్తాయి. ఉర్దూలో లెక్కించేవారు ముందుకు పోతారు. అందుకని అందరిచేతా పది వరకే మూడుసార్లు లెక్కపెట్టిస్తాను. ఏ పుస్తకంలోనూ చూసింది కాదిది. మేడం రొమ్ము మీద మా ఊరివాళ్ళు నేర్పింది.

పాఠమయ్యాక మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "పోలీసు కేసైతే?" రహదారి పక్కన బ్రతికేవారి భయం అది. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవారికి సాయపడినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఆమోదించిందనీ, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను చేరి వారికి రక్షణ ఇచ్చిందనీ చెబుతాను. సగం మంది నమ్ముతారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు రాజేంద్రనగరులో ఒక ట్రాఫిక్ కానిస్టేబులు నడిరోడ్డు మీద సి.పి.ఆర్. చేసి ఒక మనిషిని కాపాడిన దృశ్యం అందరి ఫోన్లలోకి వచ్చాక, మిగిలిన సగంలో కొందరు నమ్మారు. చట్టం కన్నా ఆ దృశ్యమే నాకు ఎక్కువ పని చేసి పెట్టింది.

*

ఆ కుర్రవాడు ఏమయ్యాడని మీరు అడుగుతారు. 2011లో కొత్త వరుస నేర్పే తరగతికి పిలిచాను. రాడనుకొన్నాను, వచ్చాడు, చివరి వరుసలో కూర్చున్నాడు. ఆ రోజు పాఠానికి ముందు, పేరు చెప్పకుండా, 2007లో జరిగింది చెప్పాను. "ఆ పిల్లవాడు తప్పు చేయలేదు. పాఠం తప్పు. చెప్పినవాడిని నేను" అన్నాను. అతడు తల ఎత్తలేదు. అభ్యాసం వంతు వచ్చినపుడు మాత్రం లేచి వచ్చి, మేడం ముందు మోకరించి, ఆపమని నేను చెప్పేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

అప్పటి నుండి ప్రతి తరగతినీ ఒకే మాటతో ముగిస్తున్నాను: "నేను ఈ రోజు చెప్పినదాంట్లో కొంత రేపు మారుతుంది. మళ్ళీ రండి, మళ్ళీ అడగండి." 2025 అక్టోబరులో వచ్చిన అమెరికన్ మార్గదర్శకాలలో గొంతులో ముద్ద అడ్డుపడినవారికి చేసే ఉపాయం కూడా మారింది. ముందు వీపు మీద ఐదు దెబ్బలు, తరువాత పొట్ట మీద ఐదు అదుములు, మార్చి మార్చి. నా పాత నోటుపుస్తకంలో ఆ పుట కూడా కొట్టివేశాను. పుస్తకాన్ని మాత్రం పారేయలేదు. కొట్టివేతలతో సహా తరగతికి తీసుకువెళ్ళి చూపిస్తాను.

వీలైతే మీ ఊరిలో ఒక పూట వెచ్చించి ఇది నేర్చుకోండి. నేర్పేవారిని, ఈ పాఠం ఏ సంవత్సరానిదని కూడా అడగండి.